పాఠకుల ప్రశ్నలు: థార్‌కి రెండో బ్యాటరీ పెట్టించాలా?

ప్రశ్న: సార్ నమస్తే. నాది 2021 థార్, డీజిల్ ఆటోమేటిక్. మూడు నాలుగు నెలలకోసారి ఫ్యామిలీతో మారేడుమిల్లి వైపు వెళ్లి టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉండి వస్తాం. ఈ మధ్య 40 లీటర్ల 12 వోల్ట్ ఫ్రిజ్ కొన్నా. మొన్న రెండో రోజు పొద్దున్నే బండి సెల్ఫ్ తీసుకోలేదు, టిక్ టిక్ మని ఊరుకుంది. షాపులో అడిగితే లిథియం బ్యాటరీ, ఛార్జర్, ఫిట్టింగ్ అన్నీ కలిపి యాభై వేల దాకా అవుద్దన్నారు. మా బావమరిది ఏమో ఎలాగూ వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) పెట్టిస్తావు కదా, రెండో బ్యాటరీ కావాల్సిందే అంటున్నాడు. అక్టోబర్‌లో హిమాచల్‌లోని స్పితి వెళ్లే ఆలోచన కూడా ఉంది. నిజంగా అవసరమా? – ఓ పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడే అక్కర్లేదండి. ముందు ఉన్న బ్యాటరీ సంగతి చూడండి. 2021లో కంపెనీ నుంచి వచ్చినదే ఇంకా నడుస్తుంటే దాని వయసైపోయినట్టే, మన ఎండలకి నాలుగైదేళ్లు వచ్చిందంటే గొప్పే. బ్యాటరీ షాపుకి వెళ్లి లోడ్ టెస్టర్ (బరువు పడితే బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే మీటరు) పెట్టమనండి, ఐదు నిమిషాల పని. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే రాత్రి బండి ఆపేసి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడండి, 12.6 వోల్టులు ఉంటే ఫుల్లు, 12.2 అంటే సగమే ఉంది అని లెక్క. ముసలి బ్యాటరీ 12.6 చూపించి కూడా సెల్ఫ్ కొట్టగానే కూలబడొచ్చు, అందుకే లోడ్ టెస్ట్ అంటున్నా.

ఇక మీ రాత్రి ఖర్చు లెక్కేద్దాం. ఫ్రిజ్ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు సుమారు 4 ఆంపులు లాగుద్ది, ఎండాకాలం సగం టైమ్ తిరిగినా సగటున గంటకి 2 పడుద్ది. సాయంత్రం ఆరుకి బండి ఆపితే పొద్దున ఏడు దాకా 13 గంటలు, అంటే 26 ఆంపియర్ అవర్లు (ఏహెచ్) ఫ్రిజ్ ఒక్కటే తినేస్తుంది. ఎల్ఈడీ లైట్లకి ఓ 3, నాలుగు ఫోన్లకి ఓ 5 వేసుకోండి. మొత్తం 34. బండి బ్యాటరీ 60, 65 ఏహెచ్ అనుకుంటే అందులో సగం పోయింది, పైగా పాతది. రెండో రోజు సెల్ఫ్ తీసుకోకపోవడంలో వింతేం లేదు. ఆటోమేటిక్ కాబట్టి నలుగురం దిగి తోసినా లాభం లేదు.

ఇది నాకూ జరిగింది లెండి. ఓ మే నెలలో గండికోట దగ్గర ఫ్రిజ్ కటాఫ్ (బ్యాటరీ ఎంత దిగితే ఫ్రిజ్ ఆగిపోవాలో చెప్పే సెట్టింగ్) ‘లో’లో పెట్టి పడుకున్నా, తెల్లారి చూస్తే మజ్జిగ ప్యాకెట్లు భలే చల్లగా ఉన్నాయి, బండి మాత్రం చచ్చిపోయింది. దారిన పోయే ట్రాక్టరాయన్ని బతిమాలి కేబుళ్లు తగిలించుకుని బయటపడ్డా (దానిదీ 12 వోల్టులే, అదృష్టం). అప్పట్నుంచి ఆ కటాఫ్ హై లోనే ఉంచుతున్నా. చాలా ఫ్రిజ్‌లలో ఈ సెట్టింగ్ ఉంటుంది, మీ దాంట్లో కూడా చూడండి, హై లో పెడితే బ్యాటరీ మరీ దిగిపోకముందే ఫ్రిజ్ ఆగిపోద్ది.

మీరు ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్తారు కాబట్టి కొత్త స్టార్టింగ్ బ్యాటరీ వేయించి, పవర్ బ్యాంక్ సైజులో జంప్ స్టార్టర్ (బ్యాటరీ దిగిపోతే బండి స్టార్ట్ చేసేది) ఒకటి డ్యాష్‌బోర్డులో పడేసుకుని, ఫ్రిజ్‌కి 500 వాట్ అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ (మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ డబ్బా) కొనుక్కుంటే సరిపోద్ది. అది ఒక రాత్రికి హాయిగా వస్తుంది, రెండో రోజుకి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఎండలో పరిస్తే మంచి ఎండకి 25, 30 ఏహెచ్ దాకా తిరిగి ఎక్కుద్ది. కాకపోతే మారేడుమిల్లిలో చెట్ల కింద టెంటేసి సోలార్ పనిచేయట్లేదు అంటే నేనేం చేయలేను. పవర్ స్టేషన్ ఇంట్లో కరెంటు పోయినప్పుడూ పనికొస్తుంది, బండి వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు, వారంటీ గొడవా ఉండదు.

నెలకి రెండు సార్లు వెళ్తూ ఒకేచోట మూడేసి రోజులు ఉండేవాళ్లయితే మాత్రం రెండో బ్యాటరీ పెట్టించమనే చెప్తా. అప్పుడు కూడా చవగ్గా వస్తుందని రిలేతో (ఇంజిన్ ఆన్ అయితే రెండు బ్యాటరీల్ని కలిపే స్విచ్) కలిపేయించుకోకండి. ఇప్పటి చాలా బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే బ్యాటరీని ఛార్జ్ చేసేది) స్మార్ట్ టైపు, మెయిన్ బ్యాటరీ నిండగానే వోల్టేజ్ తగ్గించేస్తుంది, రెండోదానికి సరిగ్గా ఎక్కదు. రెండోదానికి కావాల్సిన వోల్టేజ్ అందించే డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాల్సిందే, 20 ఆంపులదైతే మూడు గంటల డ్రైవ్‌కి 60 ఏహెచ్ ఎక్కిస్తుంది. కేబుల్‌కి రెండు చివరలా బ్యాటరీకి దగ్గర్లో ఫ్యూజ్ వేశాడో లేదో మీ కళ్లతో చూసుకోండి, ఇన్సులేషన్ కోసుకుపోయి బాడీకి తగిలితే బండి తగలబడుద్ది. లిథియందాన్ని ఇంజిన్ పక్కన పెట్టనివ్వకండి, ఆ వేడి దానికి పడదు.

వించ్ విషయంలో మీ బావమరిదిగారితో నేను ఒప్పుకోను. ఫుల్ లోడ్‌లో వించ్ 400 ఆంపుల దాకా లాగుద్ది. దానికి కావాల్సింది ఇంజిన్ ఆన్‌లో ఉండటం, ఒక మంచి బ్యాటరీ, కాసేపు లాగి కాసేపు ఆపే ఓపిక. ఫ్రిజ్ కోసం పెట్టే లిథియం బ్యాటరీ అంత కరెంటు ఇవ్వాల్సి వస్తే చాలావాటిలో బీఎంఎస్ (లోపల ఉండే రక్షణ సర్క్యూట్) అడ్డం పడి ఆపేస్తుంది.

స్పితికి రోజూ డ్రైవింగే కాబట్టి ఛార్జింగ్ సమస్య రాదు. అక్కడి కాజా ఊరు 3,600 మీటర్ల పైన ఉంది, అక్టోబర్ రాత్రుళ్లు సున్నా కిందకి పోతాయి, మామూలు లిథియం బ్యాటరీకి సున్నా కింద ఛార్జింగ్ పెట్టకూడదు. చలికి స్టార్టింగ్ బ్యాటరీ బలం కూడా తగ్గుద్ది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుద్ది, అందుకే కొత్త బ్యాటరీ ఆ ట్రిప్‌కి ముందే వేయించేయండి. అయినా ఆ చలిలో ఫ్రిజ్ ఎందుకండీ, పాల ప్యాకెట్ బయట పెడితే చాలు.

ప్రశ్న: నా పాత బొలెరోకి మెకానిక్ రెండు బ్యాటరీలు పక్కపక్కనే పెట్టి ప్లస్ ప్లస్, మైనస్ మైనస్ కలిపేశాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పర్లేదా? – ఓ పాఠకురాలు, నిర్మల్

జవాబు: పర్లేదు అనలేనమ్మా. పాతది కొత్తదాన్ని రోజూ పీల్చుకుంటూ కూర్చుంటుంది, దిగిపోతే రెండూ కలిసే దిగిపోతాయి, ఇక రెండోది ఉండీ ఏం లాభం. పాతదాన్ని తీయించేసి కొత్తదాంతోనే నడపండి, మెకానిక్ నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.