అంగన్‌వాడీ చీటీలో ‘రిఫర్’ అని ఉంటే పత్తి పనులయ్యేదాకా ఆగకండి

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్ళు. పోయిన నెల ఒక సేవాసంస్థ వారు మా అంగన్‌వాడీకి వచ్చి, కెమెరా లాంటి పరికరంతో పిల్లలందరి కళ్ళు ఉచితంగా పరీక్షించారు. మా పాప చీటీ మీద ‘రిఫర్’ అని రాసి, కంటి డాక్టరుకు చూపించమన్నారు. పాప టీవీ బాగానే చూస్తుంది, దూరంగా వచ్చే బస్సును కూడా గుర్తుపడుతుంది. సాయంత్రం అలసిపోయినప్పుడు మాత్రం ఎడమ కన్ను కొంచెం ముక్కు వైపు తిరిగినట్టు ఉంటుంది. అది అదృష్టమని మా అత్తగారు అంటున్నారు. కళ్ళు నలుపుకుంటోందని మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తున్నాం. ఉచిత పరీక్షను నమ్మవచ్చా? ఇంత చిన్న వయసులో అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గుతుందా? క్యారెట్, ఆకుకూరలతో సరిపోదా? పత్తి పనులు అయ్యాక చూపిద్దామనుకుంటున్నాం.
– ఒక తల్లి, ఆదోని

జవాబు: ఉచిత పరీక్షను నమ్మవచ్చా అని మీరు అడిగారు. దానికంటే ముందు, మీరు మధ్యలో తేలికగా రాసిన మరో మాట గురించి చెప్పాలి. అలసిపోయినప్పుడు నాలుగేళ్ళ పాప కన్ను ముక్కు వైపు తిరుగుతోందంటే, అది మెల్లకన్ను అయ్యే అవకాశం ఉంది. కొందరు పిల్లల్లో ముక్కు దూలం చదునుగా ఉండటం వల్ల మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, పాపను చూడకుండా నేను ఏదీ నిర్ధారించలేను. అయితే కన్ను తిరగడం, చీటీలో ‘రిఫర్’ అని రావడం రెండూ ఒకే పాపలో కనిపించినప్పుడు వాయిదా వేయడానికి వీల్లేదు. మెల్లకన్నుకూ అదృష్టానికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట మీ అత్తగారికి గౌరవంగానే, కానీ స్పష్టంగా చెప్పండి.

ఇక ఆ పరికరం సంగతి. అది సుమారు ఒక మీటరు దూరం నుంచి కంట్లోకి కంటికి కనిపించని కాంతిని పంపి, లోపలి నుంచి తిరిగివచ్చే వెలుగును బట్టి దృష్టి లోపాన్ని, రెండు కళ్ళ మధ్య తేడాను, కళ్ళు ఒకే వరుసలో ఉన్నాయో లేదో అంచనా వేస్తుంది. అక్షరాలు రాని, బొమ్మల పేర్లు చెప్పలేని పిల్లలను కూడా క్షణాల్లో పరీక్షించగలగడం దాని గొప్పతనం. డబ్బు తీసుకోలేదు గనుక అది నాసిరకం పరీక్ష అనుకోకండి. ‘రిఫర్’ అంటే జబ్బు ఉందని తేల్చినట్టు కాదు, పూర్తి పరీక్ష అవసరమని చెప్పినట్టు. అలా పంపిన పిల్లల్లో కొందరికి ఏ లోపమూ ఉండదు. అలాగే ‘పాస్’ అని వచ్చినంత మాత్రాన కన్ను పూర్తిగా ఆరోగ్యంగా ఉందని హామీ లేదు, ఎందుకంటే రెటీనాను (కంటి వెనుక తెరను), కంటి నరాన్ని ఆ పరికరం పరీక్షించదు.

పాప దూరం నుంచి బస్సును గుర్తుపడుతోందన్న మాట మీకు ధైర్యం ఇస్తున్నట్టుంది, నాకు మాత్రం ఇవ్వడం లేదు. ఒక కన్ను బాగా పనిచేస్తే చాలు, పిల్లలు ఆడతారు, పాడతారు, బస్సునూ చూస్తారు. రెండో కంటి నుంచి మసకబొమ్మ వస్తున్నా, ఆ కన్ను పక్కకు తిరిగి ఉన్నా, మెదడు క్రమంగా దాని సమాచారాన్ని పక్కన పెట్టేస్తుంది. ఈ స్థితినే సోమరి కన్ను అంటాం. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, తనకు సరిగా కనిపించడం లేదని చెప్పడం పాపకు తెలియదు. మెదడులో చూపు రూపుదిద్దుకునే కాలం పుట్టుకతో మొదలై సుమారు ఏడెనిమిదేళ్ళ దాకా సాగుతుంది. ఆ తర్వాత చికిత్స చేస్తే కొందరిలో కొంత మేలు కనిపించవచ్చు గాని, నాలుగేళ్ళకు దక్కే ఫలితం పదేళ్ళకు దక్కుతుందని ఆశించలేం.

అందుకే పత్తి పనులయ్యాక అన్న మీ మాట నన్ను కలవరపెట్టింది. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు కుటుంబాలకు ఆ నెలలు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పత్తి తీతల తర్వాత సంక్రాంతి వస్తుంది, సంక్రాంతి తర్వాత కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు వెళతారు, తిరిగి వచ్చేసరికి చీటీ ఎక్కడో పోతుంది, పాప ఒకటో తరగతిలో చేరుతుంది. ఆ పిల్లలే పదేళ్ళప్పుడు ‘బోర్డు కనిపించడం లేదు’ అంటూ మా దగ్గరికి వస్తారు. అప్పుడు అద్దాలు పెట్టినా ఒక కంటికి చార్టులో పై రెండు వరుసలు దాటి కనిపించదు, ఎన్ని అద్దాలు మార్చినా ఫలితం ఉండదు. తల్లిదండ్రులు ఆపరేషన్ చేయమని అడుగుతారు. మెల్లకు ఆపరేషన్ చేస్తే కన్ను వరుసలోకి వస్తుంది గాని, పోయిన చూపు దానితో తిరిగి రాదు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు తొలి విడతల్లో బడిపిల్లలకు పరీక్షలు చేశారు. అది మంచి పని. అయితే బడి వయసుకు ముందే, అంగన్‌వాడీలోనే లోపం బయటపడితే చికిత్సకు మరికొన్ని విలువైన ఏళ్ళు మిగులుతాయి. మీ పాపకు ఆ అవకాశం దొరికింది. దయచేసి దాన్ని చేజార్చకండి.

నేరుగా కళ్ళద్దాల దుకాణానికి మాత్రం వెళ్ళకండి. చిన్నపిల్లల కంటికి దృష్టిని సర్దుకునే శక్తి చాలా ఎక్కువ. అది అసలు లోపాన్ని దాచేస్తుంది గనుక, ఆ శక్తిని తాత్కాలికంగా ఆపే మందు వేసిన తర్వాతే పవర్ చూడాలి. ఈ వయసులో సాధారణంగా అట్రోపిన్ ఆయింట్‌మెంట్‌ను మూడు రోజులు ఇంట్లో వేయించి రమ్మంటారు. దానివల్ల కంటిపాప పెద్దదై, వారం పది రోజుల పాటు వెలుతురు భరించలేకపోవడం, దగ్గరి వస్తువులు మసకగా కనిపించడం ఉంటుంది. దీన్ని చూసి భయపడి మధ్యలో మానేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. జ్వరం వచ్చినా, ముఖం బాగా ఎర్రబడినా మాత్రం మందు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి. మందుతో కంటిపాప పెద్దదైనప్పుడే రెటీనాను కూడా పరీక్షిస్తారు. అరుదుగానే అయినా, కంటి లోపలి గడ్డకు మెల్లకన్ను తొలి లక్షణం కావచ్చు. ఫొటోలలో కంటిపాప తెల్లగా, పిల్లికన్నులా మెరుస్తున్నట్టు ఎప్పుడైనా కనిపించి ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ఈ రోజే బయలుదేరండి.

అద్దాలు పెడితే చూపు తగ్గదు. ఈ రకం మెల్ల కొందరిలో సరైన అద్దాలతోనే చాలావరకు సరిపోతుంది. అవసరమైతే బాగున్న కంటికి రోజుకు కొన్ని గంటలు ప్యాచ్ వేయిస్తారు. ఎన్ని గంటలో డాక్టరే చెప్పాలి, ఎందుకంటే మీ అంతట మీరు ఎక్కువసేపు మూస్తే మంచి కన్ను కూడా మందగించవచ్చు.

చుక్కల విషయంలో కాస్త కోపంగానే చెబుతున్నాను. ఆ సీసాలో ఏముందో మీరు రాయలేదు. మన ఎండకూ దుమ్ముకూ పిల్లలు కళ్ళు నలుపుకోవడం మామూలే. దురద తగ్గించడానికి దుకాణాల్లో ఇచ్చే చుక్కల్లో తరచు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో హాయిగా అనిపించేది అందుకే. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా), లేదా శుక్లం రావచ్చు. ఆ సీసాను పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన చూసేవరకు కొత్త సీసా కొనకండి.

క్యారెట్, మునగాకు, పాలకూర పెట్టండి, మంచివే. అంగన్‌వాడీలో ఆరు నెలలకొకసారి ఇచ్చే విటమిన్ ఏ మందును అయిదేళ్ళు నిండేదాకా తప్పకుండా వేయించండి. అవి రేచీకటి రాకుండా కాపాడతాయి, మెల్లను గాని, పవర్‌ను గాని సరిచేయవు.

కర్నూలులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ముందుగా మీ ఏఎన్‌ఎమ్‌ను అడిగితే, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ద్వారా పంపించే వీలుంటుంది. అట్రోపిన్ కోసం రెండోసారి రావలసి ఉంటుంది గనుక కూలిపని రోజులను ముందే సర్దుకోండి. చీటీ, చుక్కల సీసా, సాయంత్రం కన్ను తిరిగినప్పుడు ఫోనులో తీసిన ఫొటో వెంట ఉంచుకోండి. ఉదయం ఓపీలో పాప కన్ను తిన్నగా ఉంటే, ఆ ఫొటోయే డాక్టరుకు ఆధారం అవుతుంది. పాపకు తమ్ముడో చెల్లెలో ఉంటే వారినీ తీసుకెళ్ళండి, ఈ లోపాలు ఒకే ఇంట్లో మరొకరికీ ఉండవచ్చు.