చెనిక్కాయ ఊడ వేరెందుకు కాదు? (జీవశాస్త్రం: మీ ప్రశ్నలు, నా జవాబులు)

ప్రశ్న: మేడమ్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి. పరీక్షలో ఆహారం దాచుకునే వేర్లకు ఉదాహరణలు అడిగితే క్యారెట్, ముల్లంగితో పాటు వేరుశనగ అని రాసినా. తప్పు కొట్టినారు. మర్రి ఊడ వేరే అని పుస్తకంలో ఉంది. చెనిక్కాయకు దిగేవీ ఊడలే గదా? అవెందుకు వేర్లు కావు?

జవాబు: నాయనా, ఇందులో నీ తప్పు సగమే. మిగతా సగం ఆ పేరుది. వేరుశనగ అన్నాక ఎవరైనా వేరే అనుకుంటారు. మీ అవ్వ నోట ఆ మాట ఎప్పుడైనా విన్నావా? చెనిక్కాయ అంటుంది. కర్నూలు వైపు బుడ్డలంటారు. దాన్ని గడ్డ అన్నవాళ్లనైతే నేను చూడలేదు. కాయ అన్నప్పుడే సగం జవాబు చెప్పేసినట్టు.

ఇదే తప్పు నేనూ చేశాను. అనంతపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, బోర్డు మీద మర్రి ఊడ బొమ్మ గీసి 'అబ్బురపు వేర్లు' అని రాసి, చెనిక్కాయ ఊడా అట్లాంటిదే అన్నాను. మాది పట్నం ఇల్లు, చేను మొహం నేనెరుగను. మర్నాడు రాప్తాడు వైపు నుంచి వచ్చే పిల్లోడొకడు తడి గోనెపట్టాలో చుట్టి ఒక చెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మేడమ్, ఇది వేరైతే దీంట్లోకి గింజ యాడ్నుంచి వచ్చె?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను చెట్టు ఇంటికి తీసుకెళ్లి రాత్రి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను.

నువ్వూ చూడు. విత్తిన నెల రోజులకు పసుప్పచ్చ పూలు వస్తాయి. పొద్దున పూస్తే సాయంత్రానికి వాడిపోతాయి. పువ్వు కింద పొడుగ్గా ఉండేదాన్ని కాడ అనుకుంటాం గానీ అది గొట్టం. అండాశయం ఆ గొట్టం అడుగున, ఆకు కాడ మొదట్లో దాక్కుని ఉంటుంది. పువ్వు రాలినా అది రాలదు. ఫలదీకరణ అయ్యాక దాని కిందిభాగం సాగడం మొదలుపెట్టి, అండాశయాన్ని కొసన మోసుకుంటూ నేలవైపు వంగుతుంది. అదే ఊడ. కొసను బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దం పెట్టు, ఒకటో రెండో తెల్లని చుక్కలు కనిపిస్తాయి. రేపటి గింజలవి. ఏ వేరు కొసలోనూ అవి ఉండవు. వేరుకు పిల్లవేర్లు పుడతాయి, ఊడకు పుట్టవు.

మర్రి సంగతి వేరు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసే ఉంటావు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది, దాదాపు ఐదెకరాల్లో పరుచుకుంది. అక్కడ కొమ్మల నుంచి దిగినవన్నీ నిజంగా వేర్లే. నేలను తాకాక లావెక్కి మానులాగా కొమ్మను మోస్తాయి. పైనుంచి కిందికి దిగేదాన్నల్లా మనవాళ్లు ఊడ అన్నారు. పుట్టింది ఎక్కడో చూడలేదు, దిగడమే చూశారు.

చెనిక్కాయ ఊడ నేలలోకి దిగి, చీకటి తగిలాకే కొస ఉబ్బి కాయవుతుంది. గాలిలో వేలాడిపోయిన ఊడ ఎండిపోతుంది. వాన వెనక్కి పోయి ఎర్రనేల పెచ్చు కట్టిందంటే ఊడలు గుచ్చుకోలేవు. ఊడలు దిగినాక గుంటక తోలొద్దని పెద్దోళ్లు కేకలేసేది కూడా అవి తెగిపోతాయనే.

ఆ దశలోనే ఎకరాకు 200 కిలోల జిప్సం ఎందుకేస్తారో కూడా చెప్తాను, పైతరగతిలో పనికొస్తుంది. జిప్సంలో కాల్షియం ఉంటుంది. వేరు పీల్చిన కాల్షియం నీళ్లతో పాటు దారువు (చెట్టులో నీళ్లు పైకి మోసే గొట్టాలు) గుండా పైకి, ఆకుల్లోకి పోతుంది. అక్కడి నుంచి వెనక్కి దిగడం దాదాపు లేదు. నేలలో ఉన్న కాయకు ఆకులాగా నీటిని ఆవిరి చేసే పని లేదు కాబట్టి దారి దానివైపు మళ్లదు. అందుకే కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే కాల్షియం పీల్చుకుంటుంది. దొరక్కపోతే తాలుకాయే. చూశావా, వేరు కాకపోయినా వేరు పని కొంత చేస్తోంది. నువ్వు పొరబడటంలో వింతేం లేదు. మార్కు మాత్రం రాదు.

ప్రశ్న: కడపలో ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. ల్యాబ్‌లో ఎర్రగడ్డ పొర చూపించారు. పుస్తకంలో మొక్క కణం బొమ్మ నిండా హరితరేణువులు ఉన్నాయి. మాకు ఒక్కటీ కనపడలేదు. స్లైడ్ చెడిపోయిందా?

జవాబు: స్లైడ్ బాగానే ఉందమ్మా. పుస్తకంలో ఉన్నది ఏ ఒక్క కణం బొమ్మా కాదు, మొక్క కణాల్లో ఉండగలిగినవన్నీ ఒక్కచోట గీసినది. ఎర్రగడ్డ అంటే నేలలో పెరుగుతూ తిండి దాచుకునే ఆకులు. ఎండ తగలని చోట, ఎండతో తిండి తయారుచేసే హరితరేణువులతో పనేముంది? అదే చెట్టు కాడ తుంచి, లోపలి పచ్చటి కండ పలచగా కోసి చూడు, కావలసినన్ని ఉంటాయి.

ఎర్రగడ్డ నీకు ఇంకోటి చూపిస్తుంది. తెల్ల పొర వద్దు, కండ బయటివైపున్న ఊదారంగు పొర తీసుకో. రంగు వేసే పని లేదు. చుక్క నీళ్లలో పెట్టి చూస్తే ఇటుకల వరసలాగా కణాలు, నిండా ఊదారంగు. ఆ రంగు రిక్తికలోని, అంటే కణం లోపలి సంచిలోని రసానిది. ఇప్పుడు పక్కన చుక్క ఉప్పునీళ్లు వేసి, అటు పక్క బ్లాటింగ్ కాగితంతో లాగు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగడంతో కాసేపటికి ఊదారంగు ముద్ద గోడను వదిలి మధ్యలోకి ముడుచుకుంటుంది. కణకవచం ఉన్నచోటే ఉంటుంది, లోపలి ప్లాస్మా పొర మాత్రం వెనక్కి జరుగుతుంది. గోడ వేరు, పొర వేరు అని నేను ముప్పయ్యేళ్లు నోటితో చెప్పినదానికన్నా ఈ రెండు నిమిషాలు నయం. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపితే తెల్లారేసరికి జాడీలో ఊట దిగేదీ ఇందుకే.

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసినవి ఖాళీ గోడలే. గదుల్లా ఉన్నాయని ఇంగ్లీషులో ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన 'కణం'లో గది లేదు, నలుసు ఉంది. అందుకేనేమో, మన పిల్లలు కణం గీయమంటే ముందు చుక్క పెడతారు.

ప్రశ్న: రాత్రిపూట చింతచెట్టు కింద పడుకుంటే చెట్టు ప్రాణవాయువంతా లాగేసుకుంటుందని మా అత్తమ్మ అంటుంది. నిజమా? (ఆదోని)

జవాబు: చెట్టు పగలూ రాత్రీ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. పగలు అది వదిలే ప్రాణవాయువు ఎక్కువ, అంతే తేడా. ఆరుబయట గాలి ఆడేచోట దానివల్ల ఏమీ కాదు. పక్క మంచం మీద గురకపెట్టే మీవారు మీ దగ్గర అంతకన్నా ఎక్కువే బొగ్గుపులుసు వాయువు వదులుతారు. చెట్టు కింద తేళ్లుంటాయని మీ అత్తమ్మ అంటే మాత్రం వినండి.

ప్రశ్న: బుడ్డల చెట్టు పీకితే వేర్లకు ఆవగింజంత గుండ్లు కనపడుతున్నాయి. మందు కొట్టాల్నా? (పత్తికొండ రైతు)

జవాబు: తొందరపడొద్దన్నా. ముందు ఒక గుండును గోటితో గిల్లండి. సులువుగా ఊడి వచ్చి, నలిపితే లోపల ఎర్రగా ఉంటే అది రోగం కాదు, వేరు బుడిపె. అందులో రైజోబియం బ్యాక్టీరియా కాపురముంటుంది. గాలిలో నత్రజని పట్టి చెట్టుకిస్తుంది, చెట్టు దానికి చక్కెర పెడుతుంది. డచ్చి శాస్త్రవేత్త బైజరింక్ 1888లో బుడిపెల నుంచి దీన్ని విడదీసి పెంచాడు. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థానిది. లోపల పచ్చగానో బూడిదరంగుగానో ఉంటే ఆ బుడిపె పని అయిపోయినట్టు. యూరియా ఎక్కువేస్తే చెట్టుకు వీటి అవసరం తగ్గి, బుడిపెలు సరిగా కట్టవు.

గిల్లితే ఊడి రాకుండా వేరే ఉబ్బినట్టు ముడులు ముడులుగా ఉంటే అది నులిపురుగుల పని కావచ్చు. అట్లాంటి చెట్టును మట్టితో సహా పెళ్లగించి, సంచిలో వేసుకుని వ్యవసాయాధికారికి చూపించండి.