‘100 శాతం సహజ వెనీలా’ అని వేయించాను.. నోటీసు వచ్చింది!

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగం పోయాక ఇంట్లోనే బాడీ బటర్, లిప్ బామ్ తయారుచేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. మాకు అదే ఆధారం. వెనీలా బాడీ బటర్ డబ్బా మీద ‘100 శాతం సహజ వెనీలా’ అని వేయించాను. నూనె అమ్మినతను అలాగే చెప్పాడు. బిల్లులో ‘నేచురల్ వెనీలా ఎసెన్షియల్ ఆయిల్’ అని ఉంది. ధర కూడా అందుబాటులోనే ఉంది. హైదరాబాద్‌లో ఒకావిడ దద్దుర్లు వచ్చాయని, క్రీమ్ గోధుమ రంగుకు మారిందని, అది కెమికల్ వెనీలా అని లక్ష రూపాయలకు లాయర్ నోటీసు పంపారు. తప్పు నూనె అమ్మినవాడిదైతే నేనెందుకు కట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు నోటీసులో లేని సంగతి అడుగుతాను. మీకు లైసెన్సు ఉందా? ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఒంటికి రాసుకునే క్రీమును అమ్మకానికి తయారుచేస్తే, అది వంటింట్లో చేసినా సరే, 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. నన్నడిగితే వెనీలా కంటే పెద్ద చిక్కు ఇదే. ఆవిడ లాయర్ ఇంకా దీని జోలికి రాలేదు, రేపు రావచ్చు. ఇవాళే అమ్మకం ఆపేయండి. సొంతంగా యూనిట్ పెట్టలేనివాళ్లు లైసెన్సు ఉన్న మరొకరి యూనిట్‌లో తయారుచేసుకోవడానికి 2020 కాస్మెటిక్స్ రూల్స్‌లో ‘లోన్ లైసెన్సు’ అనే దారి ఉంది. దానికి దరఖాస్తు చేసుకోండి.

ఇక వెనీలా. మీ బిల్లే మీకు ఎదురుతిరిగేలా ఉందమ్మా. ఎసెన్షియల్ ఆయిల్ అంటే మామూలుగా ఆవిరి పట్టి తీసే నూనె. నిమ్మగడ్డిలాగా వెనీలా కాయలకు ఆవిరి పట్టి నూనె తీయరు. అసలు సరుకు ద్రావకాలతో తీసిన అబ్సల్యూట్‌గానో, ఓలియోరెసిన్ అనే చిక్కటి సారంగానో, కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సారంగానో దొరుకుతుంది. తోటల్లో ఒక్కో పువ్వుకూ చేత్తో పరాగసంపర్కం చేయాలి, కాయ కోశాక నెలల తరబడి మాగబెట్టాలి. అంతా చేస్తే ఆ కాయలో ఉండే వెనిలిన్, అంటే వెనీలా వాసననిచ్చే ముఖ్య పదార్థం, రమారమి 2 శాతం. అలాంటిది ‘ఎసెన్షియల్ ఆయిల్’ పేరుతో చవగ్గా వస్తే అనుమానించాల్సిందే. కృత్రిమ వెనిలిన్ వాడటం తప్పు కాదు సుమా. 1874లోనే దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు, 1889 నాటి ఫ్రెంచి సెంట్ల కంపెనీ గెర్లాన్ వారి ‘జికీ’ సెంటులోనూ వాడారు. పేచీ అంతా మీరు వేయించిన ‘100 శాతం సహజ’ అన్న మాటతోనే.

ఆ మాట అబద్ధమని తేలితే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం సెక్షన్ 17సి కింద అది ‘మిస్‌బ్రాండెడ్’ (తప్పుడు లేబులున్న) కాస్మెటిక్ అవుతుంది. ‘అతను చెప్పాడు, నేను నమ్మాను’ అనే వాదన ఇక్కడ నిలవదు. తెలియక అమ్మినవారికి ఆ చట్టంలో సెక్షన్ 19(3) ఇచ్చే రక్షణ తయారీదారుకు వర్తించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84(2) ఇంకా కఠినం: సరుకు గురించి స్పష్టంగా ఇచ్చిన హామీ తప్పయితే, తన నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేదని రుజువు చేసినా తయారీదారుకు బాధ్యత తప్పదు. పైగా ఆవిడ గుంటూరు రానక్కర్లేదు, తానుండే హైదరాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు.

అలాగని లక్షా ఇచ్చేయకండి. రంగు మారడం దేనికీ రుజువు కాదు. వెనిలిన్ కాయ నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా క్రీముని, సబ్బుని గోధుమ రంగుకు తిప్పుతుంది. దద్దుర్లు మీ క్రీము వల్లే వచ్చాయని ఆవిడ చూపించాలి, డాక్టర్ చీటీ అడగండి. అదే బ్యాచ్ డబ్బాలు సీలు తీయకుండా దాచండి. మిగిలిన నూనెలో కొంత ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపండి. అందులో ఇథైల్ వెనిలిన్ అనే కృత్రిమ పదార్థం కనిపించిందంటే నూనె పూర్తి సహజం కాదని తేలినట్టే, అది వెనీలా కాయలో ఉండదు.

రిపోర్టు అలా వస్తే నూనె అమ్మినతని మీదికి వెళ్లండి. వర్ణన ప్రకారం అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. మీ బిల్లు అక్కడ పనికొస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నారు కాబట్టి మీరూ ‘వినియోగదారు’నేనని వాదించే వీలుంది. కమిషన్ ఒప్పుకోకపోతే సివిల్ కోర్టు ఉంది. అతనితో జరిగిన వాట్సాప్ మాటలు చెరపకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఫోన్ కూడా మార్చకండి.

నోటీసుకు గడువులోగా లాయర్ ద్వారా జవాబివ్వండి. డబ్బా ధర, మందుల బిల్లు ఇస్తాననడంలో నామోషీ లేదు, కాకపోతే ‘తప్పు ఒప్పుకోకుండా, నా హక్కులకు భంగం లేకుండా’ అన్న వాక్యం తప్పక ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ప్రకటనలు తీసేయండి, తీసే ముందు స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. లైసెన్సు వచ్చాక కొత్త లేబుల్ మీద ‘వెనీలా సువాసనతో’ అంటే చాలు.