పప్పు, అన్నం, అమైనో ఆమ్లాలు

ప్రశ్న: మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలతోనే తయారవుతాయి కదా, మరి శాకాహారులు పప్పునూ అన్నాన్నీ కలిపి తినాలని ఎందుకు చెబుతారు?

జవాబు: మన శరీరంలోని వేలాది మాంసకృత్తులు దాదాపు 20 రకాల అమైనో ఆమ్లాలు వేర్వేరు వరుసల్లో గొలుసులుగా కూడటం వల్ల ఏర్పడుతున్నాయి. మనం తిన్న మాంసకృత్తులు ఉన్నవి ఉన్నట్టుగా ఒంటపట్టవు. అవి జీర్ణమయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలుగా విడిపోయి, రక్తం ద్వారా కణాలకు చేరి, అక్కడ మాంసకృత్తులను తయారుచేసే సూక్ష్మ భాగాలైన రైబోజోముల వద్ద డీఎన్‌ఏలోని సమాచారం ప్రకారం కొత్త గొలుసులుగా మారతాయి. గొలుసుకు కావలసిన అమైనో ఆమ్లాల్లో ఏ ఒక్కటి కొరవడినా, మిగిలినవి ఎన్ని ఉన్నా నిర్మాణం కుంటుపడుతుంది.

ఆ 20లో 9 రకాలను పెద్దల శరీరం తయారుచేసుకోలేదు కాబట్టి అవి ఆహారం నుంచే రావాలి. వాటిలో ఒకటైన లైసిన్ బియ్యంలో తక్కువ, కందిపప్పులో ఎక్కువ; వాటిలోనే మరొకటైన మెథియోనిన్ విషయంలో ఇది తారుమారవుతుంది. అందువల్ల ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. రెండింటినీ ఒకే పూట తినాలన్న నిర్బంధం లేదు, రోజు మొత్తంలో అందితే చాలు. అయితే కంచం నిండా అన్నం పెట్టుకుని, పలుచని పప్పుచారు గరిటెడు పోసుకుంటే ఈ లెక్క కుదరదు.