చలికాలానికి గడ్డి కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

చలి ముదిరితే గుర్రాలకు దాణా పెంచుదామనుకుంటున్నానని రాశావు. ముందు గడ్డి పెంచు. గుర్రం పెద్దపేగులో పీచు పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కడుపులోని కుంపటి. దాణాతో అంత వేడి రాదు, పైగా ఎక్కువైతే కోలిక్ (ప్రాణం మీదికి తెచ్చే కడుపునొప్పి) భయం.

500 కిలోల గుర్రానికి మామూలుగా రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి. చలిగాలికి వాన తోడైన రోజుల్లో మరో కిలో, రెండు కిలోలు వెయ్యి. కట్టల లెక్క నమ్మకు, తూకం వెయ్యి.

ఇక ఎంపిక. ఒక బేల్ (బిగించిన గడ్డి కట్ట) విప్పించి చూడకుండా డబ్బు ఇవ్వకు. పైపొర ఎండకు తెల్లబోతే ఫరవాలేదు, లోపల పచ్చదనం ఉంటే చాలు. గుప్పెడు గడ్డి తీసి పిడికిలి బిగించు. కాడలు లావుగా ఉండి అరచేతిలో గుచ్చుకుంటే, వెన్నుల్లోంచి గింజలు రాలుతుంటే అది ముదిరాక కోసిన గడ్డి. పీచు ఎక్కువ, సత్తువ తక్కువ. ఇట్టే ఒళ్లు చేసే గుర్రానికి అది చాలు. చూలుతో ఉన్నదానికి, చిక్కిపోయినదానికి, పళ్లరిగిన ముసలిదానికి మాత్రం ఆకు నిండుగా ఉన్నప్పుడు కోసిన మెత్తటి గడ్డి వెతుకు.

తర్వాత బేల్ నడిమధ్యకు చెయ్యి దూర్చు. వెచ్చగా, చెమ్మగా తగిలితే ఆ బేరం వదిలెయ్. తేమ 15 శాతం లోపు ఉన్నదే నిలవకు పనికొస్తుంది. 20 దాటితే బూజు పడుతుంది, లోలోపల వేడెక్కి దానంతటదే అంటుకుని కొట్టాలు తగలబడ్డ సందర్భాలూ ఉన్నాయి. గడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. ముక్కిన వాసన వచ్చినా, దులిపితే తెల్లటి పొడి లేచినా సగం ధరకిచ్చినా తీసుకోకు. ఆ పొడి పీల్చి ఆయాసం పట్టుకుంటే చాలా గుర్రాలు ఇక పూర్తిగా కోలుకోవు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

లూసర్న్ అనే పప్పుజాతి మేతలో ప్రోటీన్, కాల్షియం ఎక్కువ. పిల్లలకూ బక్కవాటికీ మంచిదే, మిగతావాటికి కొంచెం కలిపితే చాలు. జొన్న చొప్ప, సుడాన్ గడ్డి జోలికి వెళ్లకు. వాటివల్ల గుర్రాలకు మూత్రాశయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

కొత్త గడ్డిని పాతదాంట్లో కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చు. ఎండుగడ్డి తినే గుర్రం నీళ్లు బాగా తాగాలి. చలికి మంచుగడ్డలా ఉన్న నీళ్లు సరిగా తాగదు, పేగులో గడ్డి గట్టిపడి అడ్డుకుంటుంది. గోరువెచ్చగా చేసి పెట్టు, టెన్షన్ ఉండదు.

చలికాలపు బొచ్చు కింద గుర్రం చిక్కినా కంటికి తెలియదు. పదిహేను రోజులకోసారి పక్కటెముకల మీద చెయ్యి నొక్కి చూడు. ఎముకలు పైకి పొడుచుకొచ్చినట్టు తగిలితే గడ్డి పెంచు, పళ్లు కూడా చూపించు. లోడు దింపేటప్పుడు కింద చెక్కలు పరిపించి, గోడకు జానెడు దూరంలో పేర్పించు. నేల చెమ్మ ఎక్కితే మంచి గడ్డీ పాడవుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న