నాలుగు గళ్లు

ప్రశ్న: మేడమ్, ఈ మధ్య ఒక సస్పెన్స్ నవల చదివాను. రక్తదాన శిబిరంలో కథానాయికది ఓ పాజిటివ్ అని తేలుతుంది. అమ్మానాన్నలిద్దరిదీ బి పాజిటివ్. తను వాళ్ల బిడ్డను కాదనుకుని వెతుకులాట మొదలుపెడుతుంది. సగం దాకా ఊపిరి బిగబట్టి చదివాను. చివర్లో పోయిన నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉత్తరం దొరికి, అన్నీ అందులోనే తేలిపోయాయి. మోసపోయినట్టనిపించింది. నేనే సరిగ్గా చదవలేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు సరిగ్గానే చదివారండీ. మీ ఉత్తరం చూశాక నేనూ తెప్పించుకుని చదివాను. కూతురు అడగగానే, పోపు మాడుతున్నా తల్లి కదలకుండా నిలబడిపోయే ఘట్టం ఉంది చూడండి, ఆమె ఎప్పుడు నోరు విప్పుతుందా అనే నేను పేజీలు తిప్పాను. తీరా మాట్లాడింది చనిపోయిన నాయనమ్మ, పద్నాలుగు పేజీల ఉత్తరంలో. బతికున్న తల్లిని ఎవరూ ఒక్క మాట అడగరు. మన ఇళ్లలో ఇలాంటి సంగతి అందరికీ ఎంతో కొంత తెలిసే ఉంటుంది. ఫలానా పిన్ని పేరు రాగానే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు. రచయిత్రి ఆ మాట మార్చడాన్ని చక్కగా పట్టుకుని, సగంలో వదిలేశారు.

నాకు కోపం వచ్చింది మాత్రం ఇంకోచోట. ఇరవై ఆరేళ్లు ఆస్పత్రి ల్యాబులో రక్తం గ్రూపులు చూసినదాన్ని. బి గ్రూపు దంపతులకు ఓ గ్రూపు బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువు వస్తుంది. ఒకటి బి, ఇంకొకటి ఓ అయినా పరీక్షలో బి అనే వస్తుంది. ఇద్దరూ అలాంటివాళ్లయితే ప్రతి కాన్పులోనూ ఇద్దరి నుంచీ ఓ జన్యువే వచ్చి ఓ గ్రూపు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరిది ఏబీ అని రాసి ఉంటే అనుమానానికి బలం ఉండేది, వాళ్లకు సాధారణంగా ఓ గ్రూపు బిడ్డ పుట్టరు. అందులోనూ 1952లో డాక్టర్ భెండే బృందం బయటపెట్టిన బాంబే గ్రూపు ఉంది. ఏ, బి జన్యువులున్నా మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది. తల్లిని అనరాని మాటలన్నీ అన్నాక కూతురికి ఆ సంగతి తెలిసి ఉంటే, ఆ నవల నన్ను వారం రోజులు వదిలేది కాదు.

ఒకసారి ఒకాయన కొడుకు రిపోర్టు పట్టుకుని ల్యాబు మూసేదాకా వరండాలో కూర్చున్నాడు. ఆయనదీ భార్యదీ బి, కొడుకుది ఓ. అసలు సంగతి అడగడానికి నోరు రాక, "మళ్లీ ఒకసారి చూస్తారా అమ్మా?" అన్నాడు. మళ్లీ చేశాను, ఓ అనే వచ్చింది. తల్లి జన్యువు, తండ్రి జన్యువు ఎన్ని రకాలుగా కలవొచ్చో కాగితం మీద నాలుగు గళ్లు గీసి చూపించాను. రెండుసార్లు చెప్పించుకుని, ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈ నవల అలాంటి ఇంట్లో పడితే ఏమవుతుందోనని నా భయం. మలి ముద్రణలో సరిదిద్దమని రచయిత్రిగారికి ఉత్తరం రాశాను. ఆ నాలుగు గళ్లూ గీసి పంపాను.