టెక్ సందేహాలు: ప్లాస్టరింగ్ కాకముందే స్పీకర్ వైర్లు లాగించండి

ప్రశ్న: అమలాపురం దగ్గర రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. శ్లాబులు పడ్డాయి, గోడలు లేచాయి, వచ్చే నెల ప్లాస్టరింగ్. పొద్దున పూజగదిలో, వంటింట్లో ఆకాశవాణి భక్తిరంజని, సాయంత్రం హాల్లో పాటలు, పండక్కి పిల్లలొచ్చినప్పుడు ఇల్లంతా ఒకే పాట వినపడాలని కోరిక. ఏ కంపెనీ సిస్టమ్ కొనమంటారు? అన్నీ వైర్‌లెస్ అయ్యాక ఇంకా వైర్లెందుకని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

జవాబు: కంపెనీ సంగతి గృహప్రవేశం ముందు చూసుకోవచ్చు. ఈ నెలలో మీరు తేల్చుకోవాల్సింది గోడల్లో ఏం వెళ్లాలన్నదే. ఎందుకంటే ఈ వైర్‌లెస్ పెట్టెల ఆయుష్షు మన చేతుల్లో ఉండదు. మామూలు స్పీకర్‌కి తగిలిస్తే ఫోన్ నుంచి వైఫైలో పాటలు అందుకునే చిన్న పెట్టె, గూగుల్ వాళ్ల క్రోమ్‌కాస్ట్ ఆడియోని ఎంతోమంది ముచ్చటపడి కొనుక్కున్నారు. 2019లో దాని తయారీ ఆపేశారు. 2025 మార్చిలో లోపలున్న ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి, బాగా పనిచేస్తున్న పెట్టెలు ఉన్నట్టుండి మొరాయించాయి. గూగుల్ అప్‌డేట్ పంపేదాకా చాలామందికి ఎదురుచూపులు తప్పలేదు. ఇళ్ల ఆడియోలో పెద్ద పేరున్న సోనోస్ కూడా 2024 మేలో కొత్త యాప్ తెచ్చి, ఉన్న సదుపాయాలు కొన్ని పోగొట్టి, కస్టమర్ల ఆగ్రహానికి గురైంది. గోడలోని రాగి తీగకి యాప్ అక్కర్లేదు, గడువూ ఉండదు. ఇవాళ్టి ఆంప్లిఫైయర్ పోయినా, పదేళ్ల తర్వాత వచ్చే ఆంప్లిఫైయర్‌ని దానికే తగిలించుకోవచ్చు.

కాబట్టి హాల్, వంటిల్లు, పూజగది, వరండా, ఈ నాలుగింటికీ స్పీకర్ వైరు లాగించండి. పడకగదులకి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ చాలు. ఇప్పుడు ఏ స్పీకరూ పెట్టని చోట కూడా ఖాళీ పైపు వేయించి, లోపల నైలాన్ తాడు వదిలేయమనండి. రంగులేశాక గోడ పగలగొట్టాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

వైరు మందం దగ్గర లెక్క తప్పకూడదు. 1.5 చదరపు ఎంఎం రాగి తీగ కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. ఆంప్ నుంచి స్పీకర్‌కి 20 మీటర్లయితే పోనూ రానూ 40 మీటర్లు, అంటే దాదాపు అర ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌లో అది 6 శాతం. 5 శాతం లోపు ఉంచితే మంచిది. అదే 2.5 చదరపు ఎంఎం తీగ అయితే 4 శాతం లోపే. పది, పన్నెండు మీటర్ల దాకా 1.5, అంతకు మించితే 2.5 అని ఎలక్ట్రీషియన్‌కి కాగితం మీద రాసివ్వండి. కరెంటు వైర్లున్న పైపులో స్పీకర్ వైరు దూర్చనివ్వకండి. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే రెంటికీ మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి.

చవగ్గా దొరుకుతుంది కదా అని అల్యూమినియం తీగకి రాగి పూత పూసిన వైరు అంటగడుతుంటారు. కోనసీమలో అది అసలు వద్దు. నిరోధం ఎక్కువ, పైగా కోసిన చివర ఉప్పుగాలి తగిలితే త్వరగా పాడవుతుంది. కొనేటప్పుడు చివర కాస్త చెక్కి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. మంచి రాగికైనా చిలుము పడుతుంది. వరండా స్పీకర్ వెనక స్క్రూ కింద పచ్చగా పేరుకుని, కొన్నాళ్లకి ఒక పక్క శబ్దం వచ్చీ రానట్టు ఉంటుంది. మనవాళ్లు స్పీకర్ పోయిందనుకుని కొత్తది కొంటారు. చివర్లకి టిన్ పూత ఉన్న లగ్గులు (వైరు చివర బిగించే లోహపు ముక్కలు) బిగించి, పైన వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవ్ వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. వరండాకి ఐపీ 65 అని రాసి ఉన్న స్పీకర్లు తీసుకోండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి.

వైర్లన్నీ వచ్చి కలిసే చోటు మెట్ల కింద పెడతామంటారు చాలామంది. మీది నదికి దగ్గరైతే పై అంతస్తుకి మార్చండి. 2022 జులై వరదలో లంక గ్రామాల ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. గాలి ఆడే గోడ బీరువా ఒకటి చాలు.

ఇక పరికరాలు. హాలుకి నెట్‌వర్క్‌లో నేరుగా పాటలు తీసుకునే స్ట్రీమింగ్ ఆంప్ ఒకటి, మంచి స్టీరియో స్పీకర్ల జత ఒకటి. విమ్ ఆంప్ లాంటివి 8 ఓమ్‌ల దగ్గర చానెల్‌కి 60 వాట్లు ఇస్తాయి, మామూలు హాలుకి అది ఎక్కువే. వాట్లు చూసేటప్పుడు ఆంప్ ఆగకుండా ఇవ్వగలిగే శక్తిని చెప్పే ఆర్ఎంఎస్ అంకెనే నమ్మండి. పెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం) అని వేలల్లో ఉన్న అంకెని లెక్కలోకి తీసుకోకండి.

వంటింటికి, పూజగదికి వేరువేరు ఆంప్‌లు దండగ. మోనో సెట్టింగ్ (ఎడమ, కుడి శబ్దాలని ఒకటిగా కలిపేది) ఉన్న ఆంప్ ఒకటి తీసుకుని ఎడమ చానెల్‌ని వంటింటి సీలింగ్ స్పీకర్‌కి, కుడి చానెల్‌ని పూజగదికి ఇవ్వండి. రెండు గదుల్లోనూ పూర్తి పాట వినిపిస్తుంది. బ్యాలెన్స్ తిప్పితే పూజగదిలో తగ్గించి వంటింట్లో పెంచుకోవచ్చు. పొద్దున భక్తిరంజని పెట్టేది ఇంట్లో పెద్దవాళ్లయితే ఫోన్ పని పెట్టకండి. ఆడియో ఔట్ ఉన్న రేడియో సెట్టుని ఆంప్ వెనకున్న లైన్ ఇన్ అనే ఆడియో రంధ్రంలో గుచ్చేస్తే సరి, అలవాటైన మీటే నొక్కుకుంటారు. ఈ ఒక్క వాడకం కోసం ఆ ఆంప్ వంటింట్లోనే అల్మరాలో, చేతికందే ఎత్తున ఉండాలి.

పడకగదులకి చిన్న స్మార్ట్ స్పీకర్లు చాలు. కాకపోతే ఫోన్ నుంచి వైఫైలో స్పీకర్లకి పాట పంపే పద్ధతి ఇల్లంతా ఒకటే ఉండాలి. అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లయితే గూగుల్ క్యాస్ట్, ఐఫోన్లే ఎక్కువైతే ఎయిర్‌ప్లే 2. ఒక గదిలో అమెజాన్ ఎకో, ఇంకో గదిలో గూగుల్ నెస్ట్ పెడితే అవి ఒక గ్రూపులో కలవవు. పండగ రోజు ఒకే పాట కోసం రెండు ఫోన్లలో ఒకేసారి నొక్కి చూడండి, హాలు నుంచి వంటింటికి వెళ్లే దారిలో ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

కరెంటు గురించి ఒక మాట. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్ పెడితే కరెంటు పోయినప్పుడల్లా స్పీకర్లలో గుయ్‌మనే రొద మొదలవుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. అది అందుకునే క్షణంలో రూటర్ ఆగి మళ్లీ మొదలైతే అన్ని గదుల్లోనూ పాట ఆగిపోతుంది కాబట్టి రూటర్‌కి చిన్న యూపీఎస్ విడిగా పెట్టండి. ఎండాకాలం చివర్లో ఈదురుగాలులకి పిడుగులు పడే ప్రాంతం మనది. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. ఉరుములు దగ్గరపడితే ప్లగ్గులు పీకేయండి.

ప్రశ్న: భీమవరం పక్కన చెరువుల గట్టు మీద ఇల్లు, షెడ్లు ఉన్నాయి. మైక్‌సెట్ అబ్బాయి అహూజా ఆంప్లిఫైయర్ పెట్టి అన్నిచోట్లా స్పీకర్లు వేసేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: షెడ్లకి ఒప్పుకోండి, ఇంట్లోకి వద్దు. గుళ్లలో, స్కూళ్లలో వాడే ఆ పద్ధతిని 100 వోల్ట్ లైన్ అంటారు. వోల్టేజీ పెంచి కరెంటు తగ్గించి పంపుతారు కాబట్టి వందల మీటర్ల తీగలోనూ నష్టం తక్కువే. ఊళ్ల మధ్య హైటెన్షన్ లైన్లది కూడా ఇదే సూత్రం. ప్రతి స్పీకర్‌కీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని మీద 5 వాట్లా 10 వాట్లా అని ఎంచుకునే ట్యాప్‌లుంటాయి. అన్ని స్పీకర్ల ట్యాప్‌లూ కూడితే ఆంప్ వాట్లు దాటకూడదు, కాస్త మిగులు ఉంటే ఇంకా మంచిది. కూలీలని పిలవడానికి, వార్తలకి, గట్టు మీద పాటలకి ఇంతకంటే గట్టి ఏర్పాటు లేదు. కానీ అంతటా మోనోలో ఒకే పాట వస్తుంది, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల బేస్ పలచబడుతుంది. హాల్లో కూర్చుని ఇష్టంగా వినడానికి అది చాలదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఉన్న మామూలు 8 ఓమ్ స్పీకర్‌ని ఆ 100 వోల్ట్ టెర్మినల్‌కి ఎవరినీ తగిలించనివ్వకండి. స్పీకర్ కాలిపోతుంది, ఆంప్ కూడా పోవచ్చు. అలాగే మామూలు ఆంప్‌కి 8 ఓమ్ స్పీకర్లు పక్కపక్కన కలుపుతూ పోతే రెండింటికి 4 ఓమ్‌లు, మూడింటికి 2.7 అవుతుంది. చాలా ఆంప్‌లు 4 కంటే కిందికి తట్టుకోలేవు.

ప్రశ్న: పాలకొల్లులో మాది తాతలనాటి మండువా లోగిలి. గోడలకి దెబ్బ తగలకుండా పాటలు వినే ఏర్పాటు ఉందా?

జవాబు: ఉంది, ముందుగా అలాంటి ఇల్లు నిలుపుకుంటున్నందుకు మీకు నా అభినందనలు. ఆ మందపు గోడలు వైఫైని ఆపేస్తాయి, కానీ మండువా మీకు కలిసొస్తుంది. గదుల తలుపులు అటే తెరుచుకుంటాయి కాబట్టి మెష్ వైఫై యూనిట్లు (ఒకదానితో ఒకటి కలిసి ఒకే వైఫైలా పనిచేసేవి) రెండు, మండువా చుట్టూ ఉన్న వసారాలో ఎదురెదురు మూలల్లో పెట్టండి. ఒకదానికొకటి అడ్డులేకుండా కనపడాలి.

స్పీకర్లని గోడకి కాదు, దూలాలకి కట్టండి. దూలం పై అంచు వెంట వైరు పోతే కింద నుంచి కనపడదు, చెక్కకి మేకు కాకుండా క్లాంపు వేస్తే తీసేసినా మచ్చ ఉండదు. పైకప్పు తెరిచి ఉన్నచోట శబ్దం ఆకాశంలోకి పోతుంది. అందుకని అందరూ పెద్ద స్పీకర్ ఒకటి పెట్టి వాల్యూమ్ పెంచేస్తారు, ఇరుగుపొరుగుకి ఇబ్బంది. దానికి బదులు చిన్న స్పీకర్లు నాలుగు, చూరు లోపలివైపు, కూర్చునేవాళ్ల మీదికి వంచి, తక్కువ శబ్దంతో పెట్టండి. వాన జల్లు చూరు నుంచి ఎంత లోపలికి కొడుతుందో ఈ వానాకాలం చూసి, ఆ గీత దాటి బిగించండి.

ప్రశ్న: హాల్లో టీవీ సౌండు వంటింటి బ్లూటూత్ స్పీకర్‌లో వస్తే మాటలు ఆలస్యంగా వినపడుతున్నాయి. స్పీకర్ మారిస్తే పోతుందా? (రాజోలు)

జవాబు: ఇంకో బ్లూటూత్ స్పీకర్ కొన్నా తేడా పెద్దగా ఉండదు. మామూలు బ్లూటూత్ సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం చేస్తుంది. గాలిలో శబ్దం 10 మీటర్లు రావడానికి దాదాపు 30 మిల్లీసెకన్లే పడుతుంది కాబట్టి అంత ఎడం చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఎయిర్‌ప్లే, క్యాస్ట్ పాటల కోసం చేసినవి, ముందుగా నిల్వ చేసుకుని వినిపిస్తాయి గనుక టీవీకి అవీ అంతంతమాత్రమే. టీవీ ఆడియో ఔట్ నుంచి చిన్న ఆంప్‌కి, అక్కడి నుంచి వంటింటి స్పీకర్‌కి వైరు లాగించండి. మీ టీవీకి ఆప్టికల్ ఔట్ మాత్రమే ఉంటే ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ తీసుకుని, టీవీ సెట్టింగుల్లో ఆడియో ఫార్మాట్‌ని పీసీఎంకి (సాదా డిజిటల్ ఆడియోకి) మార్చండి. లేకపోతే ఆంప్‌లోంచి చప్పుడే రాకపోవచ్చు.